నాన్న ట్రంకు పెట్టెలో దొరికిన వెయ్యి నోటు

గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. విషయం చెడకుండా కుదించి ఇస్తున్నాను.

వాళ్ల నాన్నగారు ఒక మిర్చి వ్యాపారి దగ్గర గుమాస్తాగా జీవితమంతా పనిచేసి, కిందటి ఏడాది కార్తీక మాసంలో పోయారు. మొన్న సంవత్సరీకం అయ్యాక అక్కాతమ్ముళ్లిద్దరూ ఆయన ట్రంకు పెట్టె తెరిచారు. ఒక పాత చిట్టా పుస్తకం అట్టకీ మొదటి కాగితానికీ మధ్య, చీరల కొట్టు ప్లాస్టిక్ కవర్లో, నాలుగు మడతలు పెట్టిన వెయ్యి రూపాయల నోటు కనిపించింది. ముందువైపు మూడు సింహాలు, వెనకవైపు గుడి గోపురం. గాంధీగారి బొమ్మ లేదు. అదే వారం అటక సర్దుతుంటే అమ్మగారి పాత బియ్యం డబ్బా అడుగున ఇంకో మూట బయటపడింది. అందులో 2016లో రద్దయిన గాంధీ బొమ్మ వెయ్యి నోట్లు 14, గులాబీ రంగు రెండు వేల నోట్లు 6 ఉన్నాయి.

గుడి నోటు కథ అమ్మగారు చెప్పారట. 1978 సంక్రాంతికి ముందు, చెల్లెలి పెళ్లి ఖర్చుకని నాన్నగారు యజమానిని అప్పు అడిగితే ఆయన ఈ నోటు చేతిలో పెట్టాడు. పండగ వెళ్లిన రెండో రోజే వెయ్యి నోటు చెల్లదని రేడియోలో చెప్పారు. మార్చుకోవాలంటే ఈ నోటు ఎక్కడిదో ఫారంలో రాసి సంతకం చేయాలి. యజమాని పేరు రాస్తే పని పోతుందని భయపడి నాన్నగారు బ్యాంకు గడప ఎక్కలేదు. నోటు కాగితమైంది గానీ అప్పు అప్పుగానే ఉండిపోయింది. నెలనెలా జీతంలో కోత పడి రెండేళ్లకు తీరింది.

ఇక ఇప్పటి గొడవ. తమ్ముడు సెల్‌ఫోన్ల షాపు పెట్టి నష్టపోయి అప్పుల్లో ఉన్నాడు. పాత నోట్లకు లక్షలు వస్తాయని ఏదో వీడియో చూసి ఫొటో పెట్టాడు. గంటలో ఫోన్ వచ్చింది. నంబరు మధ్యలో 786 ఉంది కాబట్టి 18 లక్షలు ఇస్తామన్నారు. రిజర్వ్ బ్యాంకు ముద్ర ఉన్న లెటర్ పంపారు. రిజిస్ట్రేషన్ అని 2,150 రూపాయలు కట్టించుకున్నారు, ఆధార్ ఫొటో తీసుకున్నారు. ఇప్పుడు జీఎస్టీ కింద 12,500 కట్టమంటున్నారు. తమ్ముడు కట్టేద్దామంటున్నాడు. అక్కగారికేమో ఆ నోటు ఫ్రేము కట్టించి హాల్లో నాన్న ఫొటో పక్కన పెట్టుకోవాలని ఉంది. అమ్మగారు మాత్రం, “ఆ కాగితానికి మీ నాన్న రెండేళ్లు ఊడిగం చేశాడు. అమ్ముకుంటారో, పొయ్యిలో పెడతారో మీ ఇష్టం, నా కంటబడనీయకండి” అంటున్నారు. అక్కాతమ్ముళ్ల మధ్య పది రోజులుగా మాటల్లేవు. “అసలు ఈ నోటుకు విలువ ఉందా? ఉంచుకోమంటారా, అమ్మేయమంటారా? రద్దయిన నోట్లు ఇంట్లో ఉంటే నేరమంటున్నారు, నిజమేనా? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు” అని అడుగుతున్నారు.

మీ ఉత్తరం చదవగానే ముందు నాకు కంగారు పుట్టింది నోటు గురించి కాదు, ఆ ఫోన్ గురించి. మిగతావన్నీ నెల ఆగినా పరవాలేదు. ఇది మాత్రం ఈ రోజే తేలాలి. తమ్ముడి చేత ఆ 12,500 కట్టనివ్వకండి. అది కడితే తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్ అంటారు, ఆపైన కొరియర్ ఇన్సూరెన్స్ అంటారు. పాత నోటు నిజంగా కొనేవాడు మీకు డబ్బు ఇస్తాడు, మీ దగ్గర అడగడు. ఇందులో మినహాయింపు లేదు. రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుని పాత నోట్లు, నాణేల మీద ఫీజులు, కమీషన్లు, పన్నులు అడిగేవాళ్లతో జాగ్రత్తగా ఉండమని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. ఇలాంటి అమ్మకాలు కొనుగోళ్లతో తమకు సంబంధం లేదనీ, తమ తరఫున డబ్బు వసూలు చేయడానికి ఎవరికీ అధికారం ఇవ్వలేదనీ అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి ఆ లెటర్ మీద ముద్ర ఎంత అందంగా ఉన్నా అది దొంగ లెటరే.

1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. డబ్బు పంపిన రసీదు, వాళ్ల నంబరు, ఆ లెటరు, చాటింగ్ అంతా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. ఏదీ డిలీట్ చేయొద్దు. ఆధార్ ఫొటో ఇచ్చాడు కాబట్టి ఆధార్ వెబ్‌సైట్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టించండి, ఆయన బ్యాంకుకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

ఈ సందర్భంలో తమ్ముణ్ని తిట్టకండి. అప్పు మెడ మీద కూర్చున్న మనిషికి 18 లక్షలనే మాట ఎలా వినపడుతుందో ఆలోచించండి. ఆయన ఆశపడింది డబ్బు కోసం అని మీరు కోపంగా రాశారు. నిజమే, డబ్బు కోసమే. మీ నాన్నగారు కూడా ఆ నోటు చేతికి తీసుకున్నది డబ్బు అవసరమయ్యే కదా.

ఇప్పుడు నోట్ల సంగతి. మీరు దొరికినవన్నీ “పాత నోట్లు” అని ఒకే మాటగా రాశారు. అక్కడే చిక్కు పడింది. మీ ఇంట్లో ఉన్నవి మూడు రకాలు, మూడింటి జాతకాలూ వేరు.

రెండు వేల నోట్లు ఇంకా డబ్బే. 2023 మే 19న రిజర్వ్ బ్యాంకు వాటిని చలామణి నుంచి వెనక్కి తీసుకుంటున్నట్టు చెప్పింది గానీ రద్దు చేయలేదు. మామూలు బ్యాంకుల్లో 2023 అక్టోబర్ 7 వరకు తీసుకున్నారు. ఆ తర్వాత నుంచి రిజర్వ్ బ్యాంకు ఇష్యూ ఆఫీసుల్లో, అంటే నోట్లు జారీ చేసే దాని సొంత కార్యాలయాల్లో మాత్రమే. దేశం మొత్తం మీద 19 ఉన్నాయి, మీకు దగ్గరిది హైదరాబాద్ సైఫాబాద్‌లో ఉన్నది. ఒక విడతకు 20,000 వరకు మార్చుకోవచ్చు, మీవి 12,000 కాబట్టి ఒక్కసారికే సరిపోతుంది. అంత దూరం వెళ్లలేకపోతే పోస్టాఫీసు ద్వారా పంపే వీలు కూడా ఉంది. గుర్తింపు పత్రం, బ్యాంకు ఖాతా వివరాలు జతచేస్తే డబ్బు ఖాతాలో వేస్తారు. అది అమ్మగారి సొమ్ము, ఆవిడ ఖాతాలోనే పడేట్టు చూడండి. గుర్తుగా ఒకటి ఉంచుకుందామనిపిస్తే ఉంచుకోవచ్చు, కాకపోతే ఆ గుర్తు ఖరీదు అక్షరాలా రెండు వేలు. కోట్ల సంఖ్యలో అచ్చయిన నోటు అది. మీ మనవల కాలానికి కూడా దానికి పెద్ద ధర పలుకుతుందని నేననుకోను.

గాంధీ బొమ్మ వెయ్యి నోట్ల విషయంలో మీరు విన్నది సగం నిజం. 2017లో వచ్చిన స్పెసిఫైడ్ బ్యాంక్ నోట్స్ చట్టం ప్రకారం, రద్దయిన 500, 1000 నోట్లు రెండూ కలిపి పదికి మించి ఒక మనిషి దగ్గర ఉండకూడదు. చదువు కోసమో, పరిశోధన కోసమో, నోట్ల సేకరణ కోసమో అయితే 25 వరకు ఉంచుకోవచ్చు. దాటితే జరిమానా 10,000 రూపాయల దాకా, లేదా నోట్ల ముఖ విలువకు ఐదు రెట్ల దాకా, ఏది ఎక్కువైతే అది. 14 నోట్లంటే ముఖ విలువ 14,000, ఐదు రెట్లు 70,000. జైలు శిక్ష లేదు. పోలీసులు ఇంటి మీదకు వస్తారేమోనని మీరు నిద్ర మానుకోవాల్సిన పని లేదు. అలాగని తెలిసీ వదిలేయడం కూడా మంచిది కాదు.

ఈ చట్టంలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మినహాయింపు ఇచ్చింది దగ్గర ఉంచుకోవడానికి మాత్రమే. ఈ నోట్లను ఇంకొకరికి ఇవ్వడం, ఇంకొకరి నుంచి తీసుకోవడం నిషేధంలోనే ఉన్నాయి. అందుకని “పది మీ దగ్గర, నాలుగు తమ్ముడి దగ్గర పెట్టుకోండి” అని నేను చెప్పను. అమ్మమని అసలే చెప్పను. పోనీ అమ్మినా వచ్చేదేమీ ఉండదు. రద్దుకు ముందు 2016 మార్చి నాటికి వెయ్యి నోట్లు 630 కోట్లకు పైగా చలామణిలో ఉండేవి. దాదాపు అన్నీ బ్యాంకులకు వచ్చేశాక కూడా, మరుసటి ఏడాది మార్చికి సుమారు 9 కోట్ల నోట్లు బయటే మిగిలాయని రిజర్వ్ బ్యాంకు లెక్క చెప్పింది. 9 కోట్లు ఉన్న వస్తువును అరుదైనదని ఎవరంటారు? మళ్లీ మార్చుకునే అవకాశం ఇస్తారని అప్పుడప్పుడు పుకారు లేస్తుంటుంది. 2023 జనవరి 2న సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. ఆ ఆశ పెట్టుకోవద్దు. బాగున్న పది నోట్లు, లేదా రెండు మూడు, అమ్మగారి దగ్గరే ఉంచి మిగతావి చించి పారేయడం నాకు తోచిన దారి. చేతులు రాకపోతే ముందు తెలిసిన వకీలును ఒక మాట అడగండి.

ఆ 14 నోట్ల గురించి ఇంకో మాట. 2016లో ఎందుకు బయట పెట్టలేదని అమ్మగారిని మీరు అడిగితే ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయారని రాశారు. దయచేసి మళ్లీ అడగకండి. ఇంటి ఖర్చులో రూపాయి రూపాయి మిగిల్చి భర్తకు తెలియకుండా దాచిన డబ్బు, పిల్లల జ్వరానికో పుట్టింటి శుభకార్యానికో అని పెట్టుకున్న డబ్బు అయి ఉంటుంది. ఒక రాత్రి టీవీలో ప్రకటన వచ్చింది. మార్చుకోవాలంటే ఆ డబ్బుందని ఇంట్లో ఒప్పుకోవాలి. డిసెంబర్ 30 దాకా గడువు ఉన్నా ఆవిడ నోరు విప్పలేకపోయారు. 1978లో మీ నాన్నగారు పడ్డ అవస్థే ఇది, మనిషి మారింది అంతే. ఆయన ఫారంలో యజమాని పేరు రాయలేక ఆగిపోయారు, ఆవిడ మీ అందరి ముందు చెప్పలేక ఆగిపోయారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఇదే నష్టాన్ని దిగమింగారు. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కదిలించింది ఇదే.

ఇక గుడి నోటు దగ్గరికి వస్తాను. మీ వర్ణనను బట్టి అది 1954 నుంచి వచ్చిన వెయ్యి నోటు. వెనక ఉన్నది తంజావూరు బృహదీశ్వరాలయం. అదే సమయంలో గేట్‌వే ఆఫ్ ఇండియా బొమ్మతో 5,000 నోటు, అశోక స్తంభం సింహాలతో 10,000 నోటు కూడా తెచ్చారు. మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం 1978 జనవరి 16న ఆర్డినెన్స్ తెచ్చి ఈ మూడింటినీ రద్దు చేసింది. మర్నాడు బ్యాంకులకు సెలవు. మామూలు గడువు 19వ తేదీ వరకే, అంటే సెలవు పోను చేతిలో రెండు రోజులు. డిక్లరేషన్ ఫారం ఇవ్వాలన్నదీ నిజమే. కాబట్టి మీ అమ్మగారు చెప్పిన కథలో తేదీలూ తీరూ అన్నీ సరిపోతున్నాయి. ఆ రోజుల్లో వెయ్యి నోటు కంటితో చూసిన గుమాస్తాలు తక్కువ. రద్దయ్యాక కూడా చాలావరకు బ్యాంకులకే చేరిపోయాయి. అందువల్ల దీనికి సేకరణదారుల దగ్గర గిరాకీ ఉన్న మాట వాస్తవం. వేలాల్లో ఇవి బహిరంగంగానే చేతులు మారుతుంటాయి. కానీ మీ చేతిలో ఉన్న ఈ ఒక్క నోటుకు ఎంత అన్నది దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. అది చదవడం నేర్చుకుంటే మీరు ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

మధ్యాహ్నం పూట, చేతులు కడిగి పూర్తిగా ఆరాక, నోటును కిటికీ దగ్గర తెల్ల కాగితం మీద పెట్టండి. ఫ్యాను ఆపండి. ముందు మడతలు చూడండి. నాలుగు మడతలంటే మధ్యలో రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోటు ఒకటి ఉంటుంది. నోటును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆ కూడలిలో గుండుసూది మొనంత వెలుగు కనపడుతుందేమో చూడండి. అక్కడ కాగితం అరిగి చిల్లి పడితే ధర ఒక మెట్టు దిగుతుంది. తర్వాత ఎడమ వైపు చూడండి. జంట చిల్లులు ఉంటే అవి స్టేపుల్ పిన్నువి. ఒకప్పుడు బ్యాంకులు కట్టలకు పిన్ను కొట్టేవి, తర్వాత క్లీన్ నోట్ పాలసీ వచ్చాక అది మాన్పించారు. ఆ కాలపు నోట్లకు ఈ చిల్లులు మామూలే కాబట్టి దిగులు పడొద్దు. అంచులు చూడండి, చిరుగుందా, చెద కొరికిందా. మూలలు పదునుగా ఉన్నాయా, గుండ్రంగా అరిగాయా. ఎవరైనా సిరాతో అంకెలు రాశారా. పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుంటే కాగితం బిర్రుగా ఉందో, గుడ్డలా మెత్తబడిందో తెలిసిపోతుంది. మెత్తబడిందంటే చాలా చేతులు మారిందని అర్థం.

నోటు మీద రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సంతకం కూడా చూడండి. 1954లో అయితే బెనెగల్ రామారావు గవర్నరు. జగన్నాథన్ 1970 నుంచి 1975 దాకా ఉన్నారు. ఆయన తర్వాత సేన్‌గుప్తా మూడు నెలలే ఉన్నారు, ఆపైన పూరి వచ్చారు. సంతకాన్ని బట్టి నోటు ఏ కాలంలోదో చెబుతారు, ధరలో కొంత తేడా అక్కడ వస్తుంది. ఇక 786. చాలామంది ముస్లింలు శుభంగా భావించే ఆ అంకెకు గిరాకీ ఉన్నది నిజమే. అయితే కోరుకునేవాళ్లు నంబరు చివర 786 రావాలని చూస్తారు. మధ్యలో ఎక్కడో ఉంటే దానికి అంత గిరాకీ ఉండదు.

ఈ లోగా నోటుకు హాని చేయకండి. మడతలు పోవాలని ఇస్త్రీ పెట్టొద్దు. తడి గుడ్డతో తుడవొద్దు. చిరుగుకు సెల్లోటేప్ వేయొద్దు. ఏం చేసినా లామినేషన్ మాత్రం వద్దు. మా తాతయ్య ఇచ్చిన ఒక పాత వంద నోటును భద్రంగా ఉండాలని మా ఇంట్లో లామినేట్ చేయించారు. ఇప్పుడది ప్లాస్టిక్‌లో ఇరుక్కుపోయిన కాగితం, బయటికి తీస్తే చిరుగుతుంది. ఆ బాధ నాకిప్పటికీ ఉంది. చీరల కొట్టు కవరు ఏళ్లు గడిస్తే జిగురు పట్టి కాగితానికి అంటుకుంటుంది. మీది అప్పుడే కాస్త అంటుకున్నట్టుందని రాశారు కాబట్టి లాగకుండా, కవరునే అంచుల వెంట కత్తిరించి మెల్లగా విప్పండి. తర్వాత నోట్ల ఆల్బమ్‌లలో వాడే పాలియెస్టర్ కవరు తెప్పించి, నోటు పరుచుకునేలా అందులో పెట్టండి.

ధర తెలుసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. ఆన్‌లైన్‌లో ఎవరెవరు ఎంతెంత అడుగుతున్నారో చూడొద్దు. అడగడానికి హద్దు ఏముంది? అమ్ముడుపోయిన ధర చూడాలి. పేరున్న వేలం సంస్థలు, ఏ నోటు ఏ స్థితిలో ఎంతకు పోయిందో తమ వెబ్‌సైట్లలో పెడతాయి. అదే సంతకం, ఇంచుమించు ఇవే మడతలు ఉన్న నోటు వెతికి చూడండి. ఆ తర్వాత హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నాణేల ప్రదర్శన జరిగినప్పుడు, ఒకరు చెప్పిన ధర ఇంకొకరికి చెప్పకుండా, ఇద్దరు ముగ్గురు డీలర్లకు విడివిడిగా చూపించండి. “దీని విలువెంత?” అని అడగొద్దు. “మీరు ఇప్పుడు కొంటే ఎంతిస్తారు?” అని అడగండి. రెండు ప్రశ్నలకూ వచ్చే అంకెలు వేరుగా ఉంటాయి, మీకు పనికొచ్చేది రెండోదే. నోటు వాళ్ల దగ్గర వదిలి రావొద్దు. ముందే రెండు వైపులా ఫొటోలు తీసుకుని నంబరు రాసి పెట్టుకోండి. 18 లక్షలన్న మాట మనసులోంచి తీసేస్తేనే నిజమైన ధర విన్నప్పుడు అది తక్కువనిపించదు. వాడిన నోటుకు వచ్చే డబ్బుతో తమ్ముడి అప్పు తీరదు, ఈ మాట ఆయనకు మీరే మెల్లగా చెప్పాలి.

ఉంచుకోవాలా, అమ్మాలా అన్నదానికి వద్దాం. నాన్నగారు వీలునామా రాయలేదన్నారు కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, మీకు, తమ్ముడికి సమాన వాటాలు. అంటే ఆ నోటులో మీది మూడో వంతు, తమ్ముడిది మూడో వంతు. మీరు ఒక్కరే ఫ్రేము కట్టించలేరు, ఆయన ఒక్కడే అమ్మలేడు. ఇది మనసుకు కష్టంగా ఉన్నా ఇద్దరికీ మేలు చేసే సంగతే, ఎందుకంటే ఇద్దరూ మాట్లాడుకోక తప్పదు.

అమ్మితే ముగ్గురూ పంచుకుంటారు, తమ్ముడికి ఒకటి రెండు వాయిదాలకు ఊపిరి తిరుగుతుంది. నోటు మళ్లీ రాదు. ఏదో ఆల్బమ్‌లో, దాని వెనక కథ తెలియని మనిషి దగ్గర ఉంటుంది. కథ ఉందని కొనేవాడు పైసా ఎక్కువ ఇవ్వడు, అతనికి కావలసింది మడత లేని కాగితం. ఇందులో తప్పేమీ లేదు. అప్పు కోసం ఇంట్లోకి వచ్చిన నోటు ఇన్నేళ్లకు ఇంకో అప్పుకు సాయపడి వెళ్లిందని అనుకోగలిగితే మీకు అంత నొప్పి ఉండదు.

ఉంచుకోవాలంటే తమ్ముడి వాటా మీరు ఇచ్చేయండి. డీలర్లు చెప్పిన వాటిలో ఎక్కువ ధరను పట్టుకుని, అందులో మూడో వంతు ఆయన చేతిలో పెట్టండి. ఉద్యోగం ఉంది కాబట్టి మీకు అది మోయలేని బరువు కాదు. “నీకు డబ్బే ముఖ్యం” అన్న మాట వెనక్కి తీసుకోవడానికి కూడా అదొక దారి. ధర పెరుగుతుందన్న లెక్కతో మాత్రం ఉంచుకోకండి. పెరగొచ్చు, పెరగకపోవచ్చు. మడతలున్న నోటు మీద పెట్టుబడి ఆశ పెట్టుకోవడం నాకు సరైన పనిగా అనిపించదు.

మూడో దారి, ఏడాది ఆగడం. నోటును పాలియెస్టర్ కవర్లో పెట్టి లాకర్లో ఉంచి, వచ్చే సంవత్సరీకానికి మళ్లీ మాట్లాడుకుందామని ముగ్గురూ ఒక కాగితం మీద రాసుకోవడం. యాభై ఏళ్ల దాకా ఉన్న నోటు, ఇంకో ఏడాదిలో దాని విలువ ఎక్కడికీ పోదు. తమ్ముడి అప్పు మాత్రం ఆగదు కాబట్టి, ఈ దారి పట్టేట్టయితే ఆయన వాయిదాల సంగతి విడిగా కూర్చుని చూడాలి. నోటునూ అప్పునూ కలిపి మాట్లాడినంత కాలం మీ ఇద్దరికీ పొసగదు.

నా మనసు ఎటు ఉందో దాచను. నేనైతే ఉంచుకుంటాను. కానీ హాల్లో కాదు. ఫ్రేము మాట దగ్గర మీరు అమ్మగారిని మర్చిపోయారు. మీకు అది నాన్న గుర్తు. ఆవిడకు అది కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో జీతం కోత పడ్డ ఇరవై నాలుగు నెలలు. ఆ నెలల్లో పొయ్యి వెలిగించింది ఆవిడ. పొద్దున లేచి పాలు కాచేటప్పుడు ఆ నోటు గోడ మీద కనపడుతుంటే ఎలా ఉంటుంది? కంటబడనీయొద్దు అన్న మాటను కోపంగా తీసుకోకండి, ఆవిడ కోరికగా తీసుకోండి. వెలుతురులో ఏళ్ల తరబడి ఉంటే నోటు రంగు కూడా వెలిసిపోతుంది. ఏ రకంగా చూసినా దాని చోటు గోడ కాదు. మీ ఇంట్లో, మీ బీరువాలో, చీకట్లో ఉండనీయండి.

ఇదంతా రాస్తున్నంతసేపూ నా దృష్టి ఆ చిట్టా పుస్తకం మీదే ఉంది. మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. జీవితమంతా లెక్కలు రాసిన మనిషి నోటును ఏ పుస్తకంలో పడితే ఆ పుస్తకంలో పెట్టడు. అది ఏ సంవత్సరం చిట్టానో చూశారా? 1978దే అయితే జనవరి తర్వాత పేజీలు ఒక్కొక్కటి తిప్పండి. నెలాఖరు పద్దుల్లో జీతం నుంచి కోసిన మొత్తం ఆయన చేతిరాతతో ఉండొచ్చు, ఒకటో నెల నుంచి ఇరవై నాలుగో నెల దాకా. డీలరు దగ్గరికి వెళ్లే ముందే ఆ పని చేయండి. తమ్ముణ్ని కూడా పిలవండి. గుమాస్తా రాత, పొట్టి అక్షరాలు, ఒక్కరికే అంతు పట్టకపోవచ్చు.